ఫెయిల్ బోర్ల బుక్కు

మోటరు పైకి తీయంగనే
ముందు వాసన చూస్త.
కాలిన వైండింగుకు ఒక వాసన,
పూడిక పట్టినదానికి ఒకటి.
ఇరవై ఆరేండ్ల సంది నా ముక్కే నాకు మీటరు.

మొన్న కొత్తగుంటల యాదమ్మ బోరు విప్పిన.
పదిహేడో పైపు కాడ
ముక్కు కంటె ముందు కండ్లు మండినయి.
పైపుకు పట్టింది తుప్పు కాదు,
కల్లు కుండ అడుగు లెక్క తెల్ల నురగ,
గోరుతోని గీకితే పచ్చగ.
చేతిరుమాలుకు తుడిచిన,
తెల్లారికి రుమాలు జల్లెడైంది.

యాదమ్మ అన్నది:
"జానిమియా, బర్రె మూతి పెడ్తలేదు ఈ నీళ్లల్ల.
మేమే తాగుతున్నం."

ఈ జిల్లా నీళ్ల సంగతి నాకు కొత్తనా?
మా అబ్బ పండ్లకు గార,
మా ఖాలా నడుము కొడవలి.
ఆ విషం రాయిల పుట్టింది,
రాయి మీద ఎవలు కేసు పెడ్తరు?
ఇది రాయిల పుట్టలె.
రాత్రి రెండింటికి
లైట్లార్పిన ట్యాంకరుకు పుట్టింది.

ఇగ చెప్త.

నా దగ్గర ఒక బుక్కున్నది.
ఫెయిలైన బోర్లన్నీ అండ్ల రాసుకుంట:
ఎవల చెల్క, ఏ దిక్కు, ఎన్ని ఫీట్లు,
ఏడ రాయి తగిలింది, ఏడ దుమ్ము లేసింది.
దోనాల సోమిరెడ్డి, ఆరు వందల ఎనబై, దుమ్మే.
కట్కూరి ఎల్లవ్వ, నాలుగు వందలు,
రెండేండ్లు పోసి ఆగింది,
ఎల్లవ్వ మిత్తి ఇంకా ఆగలె.

రెండేండ్ల కింద, రంజాన్ ముంగట
ఒకడొచ్చిండు. మెత్తటి మాట, తెల్ల బూట్లు.
"పాత కేసింగులు కొంటమన్నా,
ఏడేడున్నయో చెప్తే చాలు."
ఐదు వేలు. ఛాయ్ పైసలు గూడ వాడే ఇచ్చిండు.
పేజీ పేజీ ఫోన్ల ఫొటో కొట్టుకున్నడు.
లోతు ఎంతని రెండుసార్లు అడిగిండు.
కేసింగు దిగేది నలబై అడుగులు,
కింద సంగతి నీకెందుకురా అని
నేను అడగలె.
ఆ పైసలతోని నా బిడ్డకు కండ్లద్దాలు కొన్న.

బోరు మూతి మీద నేను పెట్టిన బండలే
వాళ్లు జరిపిండ్రు.
పైన గెట్ల కాడ కొట్లాడుకుంటం గాని
కింద నెర్రెలన్నీ చుట్టాలు.
సోమిరెడ్డి బోరుల పోసింది
యాదమ్మ బిందెల తేలింది.
నీళ్లకు దొరకని తొవ్వ
దీనికెట్ల దొరికిందో!

నిన్న రాత్రి పోరగాండ్లు
హైవే దిగే కాడ ట్యాంకరు ఆపిండ్రు.
డ్రైవరు మీసం సరిగ రాని పిలగాడు,
చేతులకు బొబ్బలు,
తెలుగు రాదు, ఏడుపొచ్చు.
ఫోను గుంజి చూసిండ్రు:
తొవ్వ చూపే మ్యాపు కాదు,
నా కొక్కిరి గీతలు.
ఎల్లవ్వ. వేపచెట్టుకు ముప్పై అడుగులు. నాలుగు వందలు.
"ఎవని రాతరా ఇది?" అన్నడొకడు.
గుంపుల నేనూ ఉన్న.
నేనూ వంగి చూసిన.

పొద్దున ఆఫీసరు వచ్చిండు,
సీసాలల్ల నీళ్లు పట్టుకున్నడు, చీటీలు అంటించిండు.
"ఈ చుట్టుపక్కల ఇడిసిపెట్టిన బోర్లు ఎన్ని?"
ఎవలకు తెలుసు, ఒక్కొక్కలు ఒక్కొక్కటి చెప్పిండ్రు.
లేసి ఇంటికి పోయిన.
బియ్యం డబ్బా మీదున్న బుక్కు తెచ్చి
ఆయన ముంగట పెట్టిన.

నా రాత ఆయనకు తెల్వలేదు.
నా బిడ్డ వచ్చి కూసున్నది,
అద్దాలు సర్దుకొని
బళ్లె పాఠం లెక్క చదువుతున్నది:
సోమిరెడ్డి, ఆరు వందల ఎనబై.
ఎల్లవ్వ, నాలుగు వందలు.
ఆఫీసరు రాసుకుంటున్నడు.
యాదమ్మ ఖాళీ బిందె ఒళ్లె పెట్టుకొని ఇంటున్నది.

ఆఖరి పేజీల
నేను ఏదైనా రాసిపెట్టుకునేటోన్నే గద,
ముట్టిన పైసలు, ముట్టిన తారీకు.

బిడ్డ ఆడిదాక వచ్చి
ఆగింది.
అద్దాలు తీసి తుడుచుకుంటున్నది.