ఇరవై ఆరో నంబరు బూట్లు

చిబాలో, మా మామగారు ముల్లంగి వెయ్యడం మానేసి
దేవదార్లకు వదిలేసిన నేలలో
ఆదివారాలు యుద్ధం జరుగుతుంది.
నేను అద్దె బల్ల దగ్గర కూచుంటాను.
పొద్దున తుపాకులిస్తాను,
సాయంత్రం లెక్క చూసి తీసుకుంటాను.

ముందు కళ్ళు, అంటాను వచ్చిన ప్రతివాడితో.
లక్ష యెన్‌లు పోసి తుపాకీ కొంటారు,
అద్దాలు మాత్రం ఎండకి పెట్టుకునేవి తెస్తారు,
ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు.
గుండు ప్లాస్టిక్కే. ఆరు మిల్లీమీటర్లే. పావు గ్రాము.
కానీ కురిహర గారు నవ్వినప్పుడు చూడండి,
ముందుపన్ను ఉండాల్సిన చోట
ఆ పావు గ్రాము బరువెంతో కనిపిస్తుంది.
మూతికి జాలీ తొడగండి.
అద్దం లోపల గిన్నెల సబ్బు ఒక్క చుక్క రుద్దండి,
లేకపోతే మీ ఊపిరే మీకు పొగమంచు.
గ్యాసు తుపాకీ ఇవాళ వద్దు,
నవంబరు చలికి అది దగ్గుతుందే తప్ప పేలదు.

ఈసారి ఆటకి ఒక వేషం కూడా ఉంది:
డెబ్బయ్యో యేడు, వియత్నాం అడవి.
సగం మంది అమెరికన్లు, సగం మంది గెరిల్లాలు.
నెల రోజులుగా పాత బట్టల కొట్లు గాలించి
గుండీలు సరిచూసుకున్నారు.
పళ్ళ డాక్టరు హోరిగుచి గారు కొత్త చారల చొక్కాని
మూడుసార్లు టీ నీళ్ళలో ఉడకబెట్టి ముసలిదాన్ని చేశారు.
బ్యాంకు మేనేజరు నల్ల పైజామాలో, టైరు చెప్పుల్లో
గజగజ వణుకుతూ నిలబడ్డాడు, గెరిల్లా.

అప్పుడొచ్చాడు ఖాయ్.
చోషి రేవులో చేపల గిడ్డంగి కుర్రాళ్ళు వెంటబెట్టుకొచ్చారు.
మీదే ఊరని ఎవరో అడిగారు.
చెప్పాడు.
బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తమ చొక్కాల వంక చూసుకున్నారు.
హోరిగుచి గారు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నారు,
ఎవరింట్లోకో చెప్పులతో వచ్చేసినట్టు.

నేను నల్ల చొక్కా మడత విప్పబోయాను.
"అది కాదండీ, అమెరికావాడిది ఇవ్వండి.
మా వీధి పిల్లల్లో అందరికన్నా చిన్నవాణ్ణి నేనే.
అమెరికావాడవడానికి ఎవడూ ఒప్పుకోడు కదా,
రోజూ నన్నే చేసేవాళ్ళు.
చచ్చిపోవడం నాకు బాగా వచ్చు."

నవ్వాలో వద్దో ఎవరికీ తెలీలేదు.
కురిహర గారి పన్ను లేని నవ్వే ముందు వినిపించింది.

తగిలితే, తగిలిందని తగిలినవాడే చెప్పాలి ఇక్కడ.
రంగు అంటదు, రక్తం రాదు, రెఫరీ చూడడు.
దళసరి కోటు కొందరు చలికి వేసుకుంటారు,
కొందరు తెలీలేదని చెప్పడానికి.
చెయ్యెత్తి "హిట్" అని పక్కకి నడిచిపోతే చాలు.

ఖాయ్ నడిచిపోలేదు.
ఒక చెయ్యి గాల్లోకి విసిరి,
రెండో చేత్తో అద్దె తుపాకీని పసిబిడ్డలా పైకెత్తి పట్టుకుని
మోకాళ్ళ మీద కూలి, భుజం మీద ఒరిగి
దేవదారు ఆకుల్లో వాలు దిగేదాకా పొర్లాడు.
వల వెనక నేను లేచి నిలబడ్డాను.
కాల్చిన బ్యాంకు మేనేజరు చెప్పులు జారుతుంటే పరుగెత్తాడు:
"అయ్యో, తగిలిందా?"
"తగిలింది కదండీ, మీరే కొట్టారు."
అప్పుడు, పడుకునే, చెయ్యెత్తాడు.

సాయంత్రం లెక్క.
మ్యాగజైన్లు మూడు. హెల్మెట్ ఒకటి.
చొక్కా జేబులో నాలుగు తెల్ల గుళ్ళు, ఎవరివో.
బూట్లు ఇంకా కాళ్ళకే ఉన్నాయి.

"ఇవి అమ్ముతారా?"
అద్దెవి అమ్మం, అన్నాను. మళ్ళీ ఆడటానికొస్తావా?
"ఆటకి కాదు. గిడ్డంగిలో నేల చల్లగా ఉంటుంది.
నాది రాత్రి డ్యూటీ."

ధరల పట్టిక అటూ ఇటూ తిరగేశాను.
ఆ వరుస అందులో లేదు.
అతను వంగి తాళ్ళు విప్పుతున్నాడు,
ఒక్కో కన్నం నుంచీ, నెమ్మదిగా.
నేను పక్కవాడి మ్యాగజైన్లు లెక్కపెట్టాను.
మళ్ళీ లెక్కపెట్టాను.