పంతొమ్మిది నిమిషాలు

రాత్రి రెండూ పది. కొరుక్కుపేట కేబిన్.
పానెల్ మీద నాలుగో లైను ఎర్రగా వెలిగింది.
కిటికీలోంచి చూస్తే పట్టాల మీద
ఎన్నూరు నుంచొచ్చే ఉప్పుగాలి తప్ప ఏమీ లేదు.
బండి లేదు.
ఉందంటోంది దీపం.

గూడ్సు డ్రైవరు హారన్ మీద హారన్.
కంట్రోల్ నుంచి ఫోను: "ఏమ్మా, ఇంకెంతసేపు?"
ఏకాంబరం గారు చొక్కా గుండీలు పెట్టుకుని
తన తాళంచెవి తీశారు. నేను నాది తీశాను.
రిలే రూముకి రెండు తాళాలు,
ఒక్కరి కంగారుకి తెరుచుకోదు ఆ తలుపు.
ఎవరు, ఎందుకు, ఎన్నింటికి,
రిజిస్టర్లో రాశాకే లోపలికి.

వెతగ్గా వెతగ్గా
రెండు తీగల మధ్య బల్లి,
మాడిపోయి, తోక ఇంకా వంకర తిరిగి.
నెత్తిన పడితే ఒక ఫలం, భుజాన పడితే ఒకటి,
పంచాంగంలో అన్నీ ఉన్నాయి.
తీగల మీద పడితే ఏమవుతుందో
ఏ సిద్ధాంతీ రాయలేదు.

గూడ్సు కదిలింది. డ్రైవరు మావైపు చూసి
ఏదో తిట్టాడు, అరవమో తెలుగో.

టీ తాగుతుంటే అప్రెంటిస్ నటేశు
ఫోన్లో చదివింది చెప్పాడు:
అణుబాంబుల వాళ్ళకీ ఇలాంటి గదులే,
రెండేసి తాళాలే.
తెర మీద చుక్క కనబడితే
అది క్షిపణో, మబ్బు మీద మెరిసిన ఎండో
తేల్చుకోడానికి కొన్ని దేశాల్లో పెద్దాయనకి
పది నిమిషాలైనా ఉండవట.

ఏకాంబరం గారు గ్లాసు దించారు.
"బల్లిని పట్టడానికే మనకి పంతొమ్మిది పట్టింది కదరా."

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

రిలే లోపల ఒక ఇనప నాలుక ఉంటుంది.
కరెంటు పోయినా, తీగ తెగినా
తన బరువుకి తానే కిందికి జారుతుంది,
సిగ్నలు ఎర్రబడుతుంది.
ఎవరో పాతకాలపు ఇంజనీరు, పేరు తెలీదు,
భూమినే కాపలా పెట్టి పోయాడు.
అనుమానమొస్తే పైకి లేచే యంత్రాన్ని
ఎవరు గీశారో, ఏ కాగితం మీద.

ఆలస్యం అమృతం విషం అనేది మా నాయనమ్మ.
అది అమృతం సంగతి.
సీసాలో ఉన్నదే విషమైతే
ఆలస్యమే దానికి బిరడా.

"తల ఒక ఊళ్ళో, మొండెం ఒక ఊళ్ళో దాచమను,"
అన్నారు ఏకాంబరం గారు,
"కలపాలంటే గూడ్సులో పంపాలి.
దారిలో కొరుక్కుపేట పెట్టమను.
ఎలాగూ లేటవుతుంది."

గోడ మీద ఇంకో బల్లి పలికింది.
నటేశు నవ్వుతూ బల్ల మీద వేలితో కొట్టాడు.

తెల్లారగట్ల రిజిస్టర్ పూర్తి చేశాను.
కారణం: బల్లి.
ఆలస్యం: పంతొమ్మిది నిమిషాలు.
నష్టం అన్న గడి దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.