గురువారం పీకే పన్ను

లోద్వార్ ఆస్పత్రిలో గురువారానికి చీటీ రాశారు.
అప్పటిదాకా ఎడమ దవడ నాది కాదు,
ఎవరో అద్దెకు దిగి
రాత్రంతా గోడకు మేకులు కొడుతున్నారు.

పగలు నా బల్ల మీద ఇంకో దవడ.
తుర్కానా సరస్సు తూర్పు ఒడ్డున
తప్పిపోయిన మేకను వెతుకుతూ లోపెయోక్ చూశాడు,
రాళ్ళ మధ్య రాయిలా నటిస్తున్న ఎముకను.
పళ్ళ డాక్టరు వాడే సూదితోనే మట్టి గీస్తున్నాను.
నవ్వొస్తుంది. నవ్వితే నొప్పి.

ఏం దంతాలు తల్లీ నీవి!
నా బొటనవేలి గోరుతో ఒక్కటీ కప్పలేను.
నడినెత్తిన ఎముక గట్టు కట్టి
దానికి కండను పగ్గంలా బిగించి
తుంగగడ్డలు, గడ్డి దుబ్బులు, ఇసుకతో సహా
నమిలావు, నమిలావు,
పొద్దు గుంకేదాకా నమిలావు.

నీ ఇరుగుపొరుగే మావాళ్ళు.
చేతకాని దవడలు.
మాంసాన్ని రాయితో దంచారు,
తర్వాతెప్పుడో నిప్పు మీద పెట్టారు,
నోటి చాకిరీ చేతికి, చేతి చాకిరీ కుండకు
ఒకరి మీద ఒకరు తోసేసుకున్నారు.
పని తగ్గిన ఇల్లు ఇరుకైపోయింది.
ఆఖరి పన్నుకు ఎవరూ కబురు పెట్టలేదు.
ఇరవై దాటాక మూటాముల్లెతో దిగి
చోటు లేక అడ్డంగా పడుకుంది.
దీనికి జ్ఞానదంతమని పేరు!

అసెకోన్ అవ్వకు కింది ముందుపళ్ళు రెండు లేవు.
చిన్నప్పుడే పీకించారట,
ధనుర్వాతంతో దవడ బిగుసుకుపోతే
పాలు పోయడానికి సందు ఉండాలని.
"పీకడం మీ ఆస్పత్రివాళ్ళు ఇప్పుడు కనిపెట్టారా?"
మాటతోపాటు ఆ సందులోంచి చిన్న ఈల.

ఇంకో మాట కూడా అంటారు, తేలని మాటే:
మెత్తటి తిండి తిని తిని
పై పళ్ళు కాస్త ముందుకే ఉండిపోయాక
కింది పెదవికి అవి అందాయని,
'ఫ' అని ఊదడం అప్పుడే తేలికైందని.
అయితే గంజి మాకు
ఒక అక్షరం బాకీ తీర్చిందన్నమాట.

శుక్రవారం. పన్ను దూదిలో ఉంది,
కొక్కేల్లాంటి వేళ్ళతో.
ఒడ్డున విసిరేద్దామనుకుంటే లోపెయోక్ కేకలేశాడు:
"పొరలు కలపకు పిల్లా!
ఎప్పుడో ఎవరో ఇక్కడ మోకాళ్ళ మీద కూచుని
తల పట్టుకుంటారు."

అగ్గిపెట్టెలో పెట్టాను. నంబరు వెయ్యలేదు.
నాలుక మాటిమాటికీ వెళ్ళి
ఖాళీ గదిని చూసి వస్తోంది.
ఆ పెద్ద దవడ పక్కనే కూచుని
చల్లారిన జొన్నగంజి తాగుతున్నాను, కుడివైపే,
కాస్త సిగ్గుపడుతూ.