రెండో చిక్కదనం

పక్షవాతం తర్వాత మిస్ వినెట్ బాలంటైన్‌కి
మంచినీళ్లే శత్రువు.
పలచనివేవీ గొంతులో దారి గుర్తుపట్టవు,
పొలమారి ఊపిరితిత్తుల వైపు పోతాయి.
అందుకని ఆమె టీలో నేను పొడి కలుపుతాను,
కొలత చెంచాతో, ఉండ కట్టకుండా.
రెండో చిక్కదనం. చార్టులో అలాగే రాయాలి.

ఇవాళ డబ్బా తిప్పి, భూతద్దం పెట్టి చదివింది.
"మొక్కజొన్న!" అంది,
వియ్యాలవారికి చద్దన్నం వడ్డించినట్టు మొహం పెట్టి.
"పిండి సంగతి నాకా? మాది ఓవియా."

ఓవియా ఎక్కడో నాకు తెలీదు.
ఎడమచెయ్యి పడిపోయింది, కుడి వేలితోనే
ట్రే మీద ఒలికిన టీని లాగి లాగి
సెయింట్ విన్సెంట్ గీసింది.
చింతగింజంత దీవి,
దాని కింద విదిలించిన చుక్కలు గ్రెనడీన్లు.
పైకొసన బిస్కెట్ ముక్క పెట్టి
"ఇది సూఫ్రియేర్. నిద్ర నటిస్తుంది" అంది.
ముక్క పక్కన గోరంత చోటు, ఓవియా.

ముందున్నవాళ్లని ఓడలెక్కించి ఎక్కడో దించేశారు,
చెరకు కోసం మనుషుల్ని కొన్నారు,
చెరకు చితికాక ఆరోరూట్ నాటారు,
అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.
(గుక్కలు ఆమెకి నిషేధం.)

ఆరోరూట్ అంటే పాలగుండ అని
కాసేపటికి గాని నాకు తట్టలేదు.
కడుపు పాడైనప్పుడు తాగించే ఆ రుచిలేని జావ!
"తవ్వాలి, కడగాలి, తురమాలి,
నీళ్లలో వదిలేసి ఊరుకోవాలి.
ఊరుకోవడమే కష్టం.
మీ లండన్ పసిపిల్లలకి జావ మేమే,
కంప్యూటర్ కాగితానికి పూతా మేమే."
మీ లండన్, అంది నన్ను చూసి.
నేనేమీ అనలేదు.

తర్వాత అరటి. వారానికో ఓడ. పచ్చ బంగారమన్నారు.
ఆపైన ఎక్కడో చలిదేశంలో పెద్దమనుషులు కూచుని
ఆ చిన్న ఓడకి వాటా ఎక్కువైందని తేల్చారు.

ఆమె ఎగుమతి యాభైతొమ్మిదిలో జరిగింది:
ఇరవై ఏళ్లు, ఒక అట్టపెట్టె, హై వికమ్.
కుర్చీల ఊరు. బీచ్ కర్ర కుర్చీలు.
మొదటిరోజు మేస్త్రీ "బీచ్ పట్రా" అంటే
ఓవియా నల్ల ఇసుక కళ్లకు కట్టి
నవ్వాపుకోలేక తిట్లు తిన్నదట.
ముప్పైయొక్క ఏళ్లు పేము అల్లింది
ఎవరివో తెలీని పిరుదుల కోసం.

డెబ్బైతొమ్మిది గుడ్‌ఫ్రైడే నాడు కొండ పేలింది,
అక్టోబరులో జెండా ఎగిరింది.
"దులిపిన బూడిద ఇంకా చీపురుకే ఉంది" అంది.
మళ్లీ మొన్న ఇరవైయొకటిలో
తమ్ముడు ఆడిసన్ ఫోన్లో,
"చేనంతా పిండి పరిచినట్టుందక్కా,
కానీ ఇది ఎంత కడిగినా తేరుకోదు."
ఆ తర్వాత ఆమె కిటికీలోంచి
బీచ్ చెట్ల కొండకేసి చూస్తూ ఉండిపోయింది.
ట్రే తుడవడానికి వచ్చిన కుర్రాడితో
"కాసేపు ఉండనీ నాయనా" అంది.

శుక్రవారం డెస్‌బరో రోడ్డు మనవాళ్ల కొట్లో
పాలగుండ పొట్లం దొరికింది.
చిటికెడు తీసుకుని, వేళ్ల మధ్య నలిపి,
చెవి దగ్గర పెట్టుకుంది.
"మాదైతే కిర్రుమంటుంది. ఇది నోరు విప్పదు."

అయినా కాచి ఇచ్చాను.
ఏ దేశపు పిండో రాయడానికి చార్టులో గడి లేదు.
రాసింది ఇంతే:
ఒక చెంచా. దగ్గు లేదు.
ఇంకో చెంచా అడిగారు,
ఉప్పు తక్కువన్నారు.