పదకొండో కాగితం

గుంటూరు కొత్తపేటలో పొద్దుటి నుంచి పదకొండో కాగితం.
"చిన్న ఆపరేషనే, ఇక్కడ వెయ్యమ్మా" అన్నాను
అలవాటైన గొంతుతో.

సువార్తమ్మ బొటనవేలు నొక్కింది.
గీతలు పడలేదు. ఉత్త నీలం మచ్చ.
పద్దెనిమిదేళ్లు యార్డులో తొడిమలు తుంచిన వేలు,
మిరపకాయ తినేసింది గీతల్ని.

మళ్లీ నొక్కమన్నాను. ఆమె చీర ఘాటుకి
తుమ్మాను, రెండుసార్లు.
నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది:
"ఇందులో ఏం రాశారు బాబూ?"

అప్పుడు చదివాను, నేనూ మొదటిసారే.
గర్భసంచి అన్నచోట గొంతు తడబడింది,
ప్రాణానికి అన్నచోట దిగిపోయింది.
స్కానింగులో తీసేయాల్సినంత ఏమీ లేదన్న మాట
కాగితంలో లేదు.
అదీ చెప్పాను, తలుపు వైపు ఒకసారి చూసి.

"మాత్రలతో తగ్గదా?"
"తగ్గొచ్చు."
"మరి వద్దంటే కోప్పడతావా?"

ఇంగ్లీషులో నాలుగు పేజీలు తిప్పాను.
ఒప్పుకుంటున్నాను, ఒప్పుకుంటున్నాను, ఒప్పుకుంటున్నాను.
వద్దు అనడానికి గడి లేదు.

అంచున ఖాళీలో తెలుగులో రాశాను:
చెప్పాను. విన్నది. వద్దంది.
కింద నా సంతకం.
అడక్కుండానే ఆమె పక్కన వేలు పెట్టింది.
మచ్చే పడింది.

వరండాలో పెద్ద డాక్టరు గారి బూట్ల చప్పుడు.
చెమట తుడుచుకోబోయి కన్ను నులిమాను,
నా వేళ్లకీ కారం అంటుకుందని మర్చిపోయి.