అడిగితేనే

పుళియంతోపులో రేషన్ షాపు మీద గది.
పదకొండు కంప్యూటర్లు, ఏదో బ్యాంకు వద్దనుకున్నవి.
ఒక్క డాంగిల్.
రోజుకి ఒకటిన్నర జీబీ,
అర్ధరాత్రి దాటితే మిగిలింది మురిగిపోతుంది.

ఆరున్నరకి స్విచ్చులు వేస్తాం.
ఏడుంబావుకల్లా నా ఫోనుకి అరవంలో మెసేజీ:
నేటి కోటా అయిపోయింది.
కదలని తెరల ముందు పిల్లలు
చివరి బస్సు తప్పినవాళ్ళలా కూర్చునేవాళ్ళు.

మోషేని అన్నాను.
వెనక వరస, ఎప్పుడూ నవ్వు మొహం,
సినిమాలు చూసేది వీడేనని.
వాడు మారుమాట్లాడలేదు.
చెప్పులు వెతుక్కుని మెట్లు దిగిపోయాడు.
కింద పామాయిల్ వరసలో వాళ్ళమ్మ నిలబడి ఉంది.
ఆమెకీ వినబడింది.

మర్నాడు లాగ్ తెరిచాను.
పెరంబూరు క్యారేజీ వర్క్స్ స్టోర్సులో
ముప్పై ఒక్కేళ్ళు లెడ్జర్లు చదివిన కళ్ళు,
దొంగ ఎంట్రీ ఎక్కడున్నా నలుసులా గుచ్చుకుంటుంది.
గుచ్చుకుంది.
మోషే కాదు.

ఏ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో
వెతికిపెట్టే చిన్న సాధనం.
ఎవరైనా ఒక్క మాట తప్పు కొట్టారా,
ఉండండి కనుక్కొస్తానని
చెప్పకుండా చెయ్యకుండా బయల్దేరుతుంది,
ఉన్న ప్యాకేజీలన్నిటి పట్టికా నెత్తిన పెట్టుకు రావడానికి.
పదకొండు మిషన్లు, పదకొండు ప్రయాణాలు,
అదే పట్టిక.

ఒక్క నట్టు అడిగితే
గోడౌను లెడ్జరంతా తిరగరాసే స్టోర్‌కీపర్ని
మా షెడ్డులో ఒక్క పూట ఉంచేవాళ్ళు కాదు.

సెట్టింగుల ఫైలులో నలభై రెండో లైను.
పట్టిక తనంతట తాను తెచ్చుకోవాలా అంటే
అవును అని ఉంది.
కొట్టేసి, కాదు అని రాశాను.
పదకొండు చోట్లా.
వేలికి ఎర్రసిరా అంటిందేమోనని చూసుకున్నాను కూడా.

ఆ పైన ఎనిమిదిన్నర దాకా పాఠం నడిచేది.
జెసింత తన పేరు తనే తెర మీద ఎగరేసింది.
ఒకరోజు వాన, కరెంటు పోయింది,
అయినా కోటా మిగిలింది.
మోషే రాలేదు.

మూడోవారం నాగూరమ్మ చెయ్యెత్తింది.
"సార్, వెతికితే ఉందంటోంది, తెమ్మంటే లేదంటోంది.
మీ పట్టిక అబద్ధాలాడుతోంది."
అబద్ధం కాదమ్మా, పాతది.
రాసిననాడు అది నిజమే,
అంటూ అంటూ ఆగిపోయాను.

నాలుగేళ్ళ కిందట మోషే వాళ్ళన్న
ఇదే గదిలోంచి ఒక మౌసు పట్టుకుపోయాడు.
నెల తిరక్కుండా వాళ్ళమ్మ తెచ్చిచ్చేసింది,
పాత చీరముక్కలో చుట్టి.
వచ్చిన సరుకు నేను జమ రాయలేదు.
పైగా ఆ బాకీ
పక్క పేరు కిందికి ఎక్కించుకున్నాను.

శనివారం అందరూ వెళ్ళాక తలుపు వెయ్యలేదు.
కబురు పంపాను.
తొమ్మిదిన్నరకి మోషే వచ్చాడు.
వాళ్ళమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

నాలుగొందల ఎంబీ ఉందిరా, ఎలాగూ మురిగిపోయేదే.
ఒక మిషన్ తెస్తుంది,
తక్కిన పదీ దాని దగ్గర నకలు రాసుకుంటాయి.
వారానికి ఒక్కసారి, మనం చెబితేనే.
ఆ చెప్పే పని నీది, అన్నాను.
తప్పయింది అని కూడా అన్నాను గానీ
ఫ్యాను చప్పుడులో విన్నాడో లేదో.

వాడు ఆ ఆదేశం అక్షరం అక్షరం కొట్టాడు.
రెండుసార్లు చెరిపాడు.
ఎంటరు మీద వేలు ఆపి
"ఇప్పుడా సార్?" అన్నాడు.

నేను తెర కేసి చూస్తున్నాను.
పాత పట్టిక తేదీ అక్కడే ఉంది.

గుమ్మంలోంచి వాళ్ళమ్మ అంది:
"అడుగుతున్నాడు కదా.
చెప్పండి."