సాయంత్రం లెక్క

అడ్రసు అడిగితే ఇట్ల చెప్తం:
నల్లగొండ బస్టాండుల దిగు,
బత్తాయి మార్కెట్ ఎనుక సందు,
నీలం గేటు. కుక్క ఉంటది, కరవది.
బోర్డు ఉండదు.
బోర్డు పెడితే ఖాళీ చేయమంటడు మునీర్ సాబు.
మంచోడే. కుళ్ళిన కాయల వాసనకు
ఎవ్వరూ కిరాయికి రాని ఇల్లు మాకిచ్చిండు.
అంతకుముందు పది ఇండ్లు తిరిగినం.
ఒకామె అడ్వాన్సు చేతుల పట్టుకొని
నా గొంతు విని తిరిగిచ్చింది,
వేలు వేలికి తగలకుండ.

సైదమ్మ వచ్చింది మంగళారం.
పదకొండేండ్ల జైలు, ఒక సంచి.
సంచిల రెండు చీరెలు,
కుట్టుమిషను నేర్చిన సర్టిఫికెటు,
అందుల పేరు తప్పు వడ్డది.
ఏం చేసినవని మేం అడగం.
కోర్టు అడిగింది, ఊరు అడిగింది,
ఇగ మాకు అడగనీకి మిగిలింది ఒక్కటే:
పొద్దుగాల చాయ్ తాగుతవా, సల్ది తింటవా?

ఆరు గొట్టంగ నేను బియ్యం కొలుస్తున్న,
మనిషికో గిలాసెడు.
వాకిట్ల అలికిడి లేదు.
చూస్తె సైదమ్మ
గోడ పక్కన గొంతుకూసున్నది,
చేతులు మోకాళ్ళ మీద, తల వంచి,
పక్కన ఇంకో మనిషి పట్టేంత జాగ ఇడిసి.

నాకు తెలుసు ఆ జాగ.
జోడీ జోడీ కూసుంటె
లెక్క తొందరగ తెగుతది.
లాఠీ కొస గాలిల ఊగుతది:
రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది.

నన్ను మొగోళ్ళ బారకుల ఏసిన్రు.
కాయితాలల్ల నర్సింహ,
నా నోట్ల నవనీత.
జుట్టు మొదటి దినమే కత్తిరించిన్రు.
లెక్క నా కాడికొస్తె
లాఠీ ఒక్క గడియ ఆగేది,
ఎనుక నవ్వులు,
తర్వాత అంకెల కలిసిపోదును.
నాకు జోడీ కూసున్నోడు
నడుమ తన చెప్పు పెట్టెటోడు.

గిలాస డబ్బాల ఇడిసి
పోయి సైదమ్మ పక్కన కూసున్న.
మోకాళ్ళు పటపటమన్నయి.
ఆమె నా దిక్కు చూడలే.
కొంచెం సేపు ఇద్దరం
రాని లెక్క కోసం ఎదురుచూసినం.
గోడవతల లారీల కాయలు పోస్తున్న చప్పుడు.
ఆఖరికి ఆమే అన్నది,
"వస్తరా?"
"రారు."
"మరి తలుపెవరేస్తరు?"
"బేడం లోపలున్నది. ఎయ్యాలనిపిస్తె నువ్వే ఎయ్యి."
ఆ రాత్రి మూడుసార్లు ఏసింది,
మూడుసార్లు తీసింది.

పగలు మార్కెట్ల కాయలేరే పని.
మచ్చ కాయ ఒక కుప్ప, నున్న కాయ ఒక కుప్ప.
మొన్న మమ్ముల చూడొచ్చిన ఒక మేడం
"మీరూ మచ్చపడ్డ కాయలే,
లోపల రసం మాత్రం తియ్యన" అన్నది.
సైదమ్మ చాయ్ గిలాస కింద వెట్టి
"నేను కాయను గాదమ్మా,
నాకు ఆధార్ కార్డుల ఇంటి నెంబరు కావాలె" అన్నది.
దానికి మునీర్ సాబు సంతకం పెట్టాలె.
కొడుకు వద్దంటున్నడట.
ఇంకా తేలలే.
చిట్యాలల ఉన్న బిడ్డ ఫోను ఎత్తది.
రింగు పోతది, అదే చాలంటది సైదమ్మ,
నెంబరు మార్చలేదు గదా.

ఇప్పుడు ఆరైతె గొంతుకూసోదు.
గడప కాడ నిలవడి చెప్పులు చూస్తది.
పెద్ద సైజువి నావి.
పిన్నీసు పెట్టినవి మంగ్తివి.
రైసుమిల్లు తవుడంటినవి మెహరున్నీసావి.
తనవి కొత్తవి, ఇంకా కరుస్తయి.
నేను బియ్యం కొలుస్తుంటె అంటది,
"ఐదుగురికి పొయ్యి."
"నలుగురమే గదా?"
"పాలమూరు జైలుల పొద్దున ఒక పిల్లను ఇడిసిన్రంట.
ఫోను లేదు, బస్సు తెలువదు.
ఎప్పుడొస్తదో."

పది గొట్టింది.
మార్కెట్ల లైట్లు ఆరినయి.
గిన్నెల అన్నం చల్లవడ్డది.
నేను బేడం మీద చెయ్యేసిన.
"ఆగు," అన్నది చీకట్ల నుంచి,
"ఇంకో జత రావాలె."